పదహారో రోజు నుంచి: ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరాన్ని మా అబ్బాయి చేత ఒడియాలో రాయించి భువనేశ్వర్‌కి రిజిస్టర్ పోస్టులో పంపాను. తెలుగులో కూడా అందరి ముందూ పెట్టడానికి కారణం ఉంది. బరంపురం, పర్లాకిమిడి, గునుపురం, రాయగడ, జయపురం వైపు ఇళ్ళల్లో మాలాగే తలుపులు వేసుకుని, పేగు ఆపరేషన్ తర్వాత పొట్ట మీది సంచితో బాధ పడుతున్న తెలుగువాళ్ళు ఉంటారు. వాళ్ళు కూడా చదవాలి.

మాది బరంపురంలో పట్టు నేసే ఇల్లు. ఎన్నో తరాల కిందట ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇక్కడ మగ్గాలు పెట్టుకున్న కుటుంబాల్లో మాదీ ఒకటి. మా ఆయన గుంట మగ్గం మీద నేస్తారు, నేను కండెలు చుడతాను. పోయిన ఏడాది ఆయన చుట్టాలింట్లో పెళ్ళికని వెళ్ళి అక్కడే జ్వరంతో పడిపోయారు. టైఫాయిడ్ ముదిరి చిన్నపేగుకి చిల్లు పడిందన్నారు. రాత్రికి రాత్రే కడుపు కోసి, పేగును పొట్ట మీదికి కుడివైపు బయటికి తీశారు. అలా బయటికి వచ్చిన పేగు నోటినే స్టోమా అంటారు. మలం అందులోంచే వచ్చి, పొట్టకి అతికించిన సంచిలో పడుతుంది. ఆ రాత్రి ఆ డాక్టర్లు లేకపోతే ఆయన లేరు. వాళ్ళకి చేతులెత్తి దండం పెడతాను. ఆపరేషన్ సర్కారు ఆరోగ్య కార్డు మీదే జరిగింది, మాకు పైసా ఖర్చు కాలేదు.

మా కష్టం ఇంటికి వచ్చాక మొదలైంది.

స్టోమాని చూసి భయపడ్డాను కానీ, దానికి నొప్పి ఉండదు. నోటి లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉంటుంది, తాకినా తెలియదు. నొప్పంతా చుట్టూ ఉన్న చర్మానిదే. పెద్దపేగుకి పెట్టిన స్టోమా అయితే మలం కాస్త గట్టిగా వస్తుందట. చిన్నపేగు నుంచి వచ్చేది నీళ్ళలా ఉంటుంది, రోజంతా వస్తూనే ఉంటుంది. అన్నాన్ని అరిగించే రసాలు అందులో ఇంకా బతికే ఉంటాయి. అన్నాన్ని అరిగించే రసం చర్మాన్ని వదులుతుందా? సంచిని పట్టి ఉంచే ప్లేటుని, మధ్యలో స్టోమా పట్టేంత చిల్లు కత్తిరించి చర్మానికి అతికిస్తాం. దాని కింద ఒక చుక్క దిగితే చాలు. మొదట దురద, తర్వాత మంట, తెల్లారేసరికి చర్మం పచ్చిపుండు. పచ్చిపుండు మీద రసి కారుతుంది కాబట్టి ప్లేటు అతకదు. అతకకపోతే మళ్ళీ లీక్. మూడు నెలలు ఆ చక్రంలోనే తిరిగాం.

తెలియక మేం చేసిన తప్పులు కూడా దాచను. కొబ్బరినూనె రాశాను, నూనె మీద ప్లేటు నిలవలేదు. పసుపు వేశాను. కాలిన గాయాల క్రీము రాశాను. లీకైన చోట టేపు మీద టేపు అంటించాను. అది లోపలి రసాన్ని బయటికి రానీయకుండా చర్మం మీదే ఆపి ఇంకా కాల్చింది. తింటేనే కదా లీకవుతుందని ఆయన రాత్రిపూట అన్నం మానేశారు, నీళ్ళు కూడా తగ్గించారు. చిన్నపేగు స్టోమా ఉన్నవాళ్ళకి నీళ్ళు, ఉప్పు మామూలు కంటే ఎక్కువ పోతాయి. వాళ్ళు అసలు చేయకూడని పని అదే. ఒకరోజు మగ్గం దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయారు. ఉప్పు వేసిన గంజి, ఓఆర్‌ఎస్ తాగించి కూర్చోబెట్టాను.

మగ్గం సంగతి మీకు చెప్పాలి. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటారు. నేసిన బట్టని చుట్టే కర్ర సరిగ్గా పొట్ట ముందు ఉంటుంది. నాడె విసిరిన ప్రతిసారీ ఒళ్ళు ముందుకి వంగుతుంది, పొట్ట మీద మడత పడుతుంది. ఆయన స్టోమా ఆ మడతలోనే ఉంది. పైకి లేచి ముక్కులా నిలబడాల్సింది చర్మంతో సమానంగా అణిగిపోయింది. అలా పెట్టినందుకు ఎవరినీ తప్పు పట్టను, అది ప్రాణం మీదికి వచ్చిన రాత్రి. ఒక మధ్యాహ్నం ఎర్ర పట్టు చీర, కొంగు దగ్గరికి వచ్చేసింది, ఇంకో రెండు రోజుల పని. ఆయన ఉన్నట్టుండి చేతులు ఆపేశారు. నా వైపు చూడలేదు. వెళ్ళి చూస్తే కుంభం అంచు మీద అరచేయంత తడి. పట్టుకి పట్టిన ఆ మరక పోలేదు. ఆ చీర డబ్బు మా కూలీలో కోసుకున్నారు. డబ్బు పోతే పోయింది, తర్వాత పదకొండు రోజులు ఆయన మగ్గంలోకి దిగలేదు.

చివరికి విశాఖపట్నంలో స్టోమా చూసే నర్సు ఒకావిడ ఉన్నారని తెలిసి రైలెక్కాం. దారిలో రెండుసార్లు బోగీ బాత్రూంలో సంచి మార్చాను. ఆవిడ ప్లేటు తీసి చూసి, "ఈ చిల్లు ఎవరు కత్తిరిస్తున్నారమ్మా?" అని అడిగారు. నేనే అన్నాను. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన అట్ట ముక్కని కొలతగా పెట్టుకుని కత్తిరిస్తున్నానని చూపించాను. అట్టలో చిల్లు 40 మిల్లీమీటర్లు. ఆవిడ స్టోమాని కొలిచారు, 27. ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుందట. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాపు దిగి చిన్నదవుతుంది. అందుకే ఆ రోజుల్లో వారం వారం కొలుచుకోవాలి. చిల్లు స్టోమా కంటే ఓ 2, 3 మిల్లీమీటర్లు పెద్దదైతే చాలు. మేం 13 మిల్లీమీటర్లు వదిలాం. అంటే చుట్టూతా ఆరు మిల్లీమీటర్లకి పైగా చర్మం, ఏ అడ్డూ లేకుండా రాత్రీ పగలూ ఆ రసంలో నానింది. పోగు తేడా వస్తే కంటితో పట్టేసే ఇల్లు మాది. కొలత మారుతుందని మాకు ఒక్కరు చెప్పి ఉంటే మూడు నెలల మంట ఉండేది కాదు, మంత్రి గారూ.

ఆవిడ చేసింది చూస్తే మాయలూ మంత్రాలూ ఏమీ లేవు. ఉత్త నీళ్ళతో కడిగారు. అద్ది అద్ది ఆరబెట్టారు. పచ్చిగా ఉన్నచోట స్టోమా పౌడర్ చల్లి, ఎక్కువైంది దులిపేశారు. మడతలో మెత్తటి రింగు పెట్టి గుంత పూడ్చారు. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే ప్లేటు వేసి, పైన బెల్టు కట్టారు. ఆయన అరచేతిని దాని మీద పెట్టించి కాసేపు అలాగే ఉంచమన్నారు, ఒంటి వేడికి బాగా పడుతుందని. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలనీ, బరువెక్కితే ప్లేటుని లాగేస్తుందనీ చెప్పారు. దురద మొదలైతే లీకు కనబడేదాకా ఆగొద్దు, వెంటనే మార్చేయమన్నారు. ఆ ప్లేటు మూడు రోజులు నిలిచింది. రెండు వారాల్లో చర్మం ఆరింది.

మా ఊరి నుంచి విశాఖ రైల్లో సగం రోజు ప్రయాణం. ఈ పది నిమిషాల పని మా జిల్లాలో ఎందుకు దొరకదన్నదే నా ప్రశ్న. స్టోమా నర్సింగ్‌లో శిక్షణ మన దేశంలోనే ఉంది, ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్ళు ఇస్తున్నారు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి ఒక్కొక్క నర్సమ్మని పంపించి నేర్పించండి. తిరిగొచ్చాక వారానికి ఒక పూట జిల్లా ఆసుపత్రిలో స్టోమా వాళ్ళని చూసినా చాలు. ముందే అనుకుని చేసే ఆపరేషన్లలో స్టోమా పెట్టే చోటు గుర్తు పెట్టేది కూడా ఆవిడే అయితే ఇంకా మంచిది. మనిషిని పడుకోబెట్టి గుర్తు పెడితే సరిపోదు. బాసిపట్టు వేసుకుని కూర్చోమనాలి, గొంతుక్కూర్చోమనాలి, వంగమనాలి. లుంగీ ముడి ఎక్కడ పడుతుందో, ఆడవాళ్ళకి లంగా నాడా ఎక్కడ బిగుస్తుందో చూడాలి. ఏం పని చేస్తావని అడగాలి.

ఇంక సామాను సంగతి. 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. చాలా పెద్ద సాయం, కాదనను. కానీ ఆయుష్మాన్ నియమంలో ఇంటికి పంపాక 15 రోజుల మందుల వరకే లెక్క. స్టోమాకి పదహారో రోజు ఉండదా? ఒక ప్లేటు, ఒక సంచి కలిపితే మా ఒక రోజు కూలి దాటిపోతుంది. అంతా సవ్యంగా ఉంటే వారానికి రెండు ప్లేట్లు. లీకైతే రోజుకొకటి. చర్మం చెడినవాడికే ఎక్కువ ఖర్చు, ఖర్చుకి భయపడి లీకైన ప్లేటునే ఇంకో పూట ఉంచుకునేవాడికే చర్మం ఇంకా చెడుతుంది. కేంద్రం 2022 జూలై 18 నుంచి ఈ సామాను మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి దించింది. రైల్వేవాళ్ళు నెలవారీ సీజన్ టికెట్లో స్టోమా ఉన్నవాళ్ళకి సగం రాయితీ పెట్టారు. అంటే వీళ్ళకి ఇది రోజువారీ అవసరమని ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మాత్రం స్టోమా లేదు. అది ఢిల్లీలో తేలాల్సిన మాట. సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా మందులిచ్చే నిరామయ కౌంటర్ మీ చేతిలో ఉంది. జ్వరం మాత్ర ఇచ్చే ఆ కిటికీలోనే ప్లేట్లు, సంచులు, పౌడర్, రింగు, బెల్టు ఇప్పించండి. ఉబ్బెత్తు ప్లేటు మరచిపోవద్దు, మాలాంటివాళ్ళకి మామూలు ప్లేటు ఫ్రీగా ఇచ్చినా పనికిరాదు.

ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం కూడా ఇవ్వండి. ఒడియాలో, మా తెలుగులో, కొండ ఊళ్ళవాళ్ళ కోసం బొమ్మలతో. అందులో మిగతావి ఎలా ఉన్నా, "కొలత మారుతుంది, మళ్ళీ కొలవండి" అన్న మాట మాత్రం పెద్ద అక్షరాలతో వేయించండి. ఆశా దీదీలకి ఒక పూట నేర్పిస్తే ఆ కొలత వాళ్ళే చూసిపోతారు.

మా ఆయనకి పేగు మళ్ళీ లోపల కలిపే ఆపరేషన్ ఉంది. ఒంట్లో రక్తం పట్టాలి, చర్మం పూర్తిగా ఆరాలి, అప్పుడే చేస్తామన్నారు. ఇప్పుడు ఉదయం రెండు గంటలు మగ్గంలోకి దిగుతున్నారు. రెండేళ్ళకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతరలో మా వాళ్ళతో కలిసి నడవాలని ఆయన కోరిక.

మీకు పంపిన ఒడియా ప్రతికి రెండు అట్టముక్కలు పిన్ను పెట్టాను. ఒకటి ఆసుపత్రిలో ఇచ్చిన 40 చిల్లు, రెండోది విశాఖలో కత్తిరించిన 30. దయచేసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి.

ఇట్లు,
ఒక నేత కార్మికుని భార్య,
బరంపురం, గంజాం జిల్లా