మార్చి నెల ఉత్తరం: ఏడో తేదీ సాయంత్రం బడికి రండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల 7వ తేదీ, శనివారం సాయంత్రం మన హైస్కూలు వార్షికోత్సవం. ఆ తర్వాత వారం పది రోజుల్లోనే పదో తరగతి పబ్లిక్ పరీక్షలు, ఒంటిపూట బడులు, 19న ఉగాది. బడిలో ఇంత హడావుడిగా ఉండే నెల మరొకటి లేదు. మీ ఇళ్లల్లోనూ అంతేనని నాకు తెలుసు. చేలల్లో మిరప పండి ఉంది, కూలీలు దొరకడం లేదు, కోసిన కాయ కల్లాల్లో ఎండుతోంది. అది తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన మంగళవారం సాయంత్రం బుర్రకథ రిహార్సల్‌కు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు కాస్త ఆలస్యంగా వచ్చింది. చేతులు రెండూ కొబ్బరినూనెతో మెరుస్తున్నాయి. ఆదివారం, సోమవారం కోతకు వెళ్లిందట. తను వాయించే గుమ్మెట డోలు మీద వేళ్లు పడగానే మొహం ముడుచుకుంది. ఆ ఘాటు గోళ్ల సందుల్లోకి దిగితే ఎన్నిసార్లు కడిగినా పోదు, మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా పిల్ల ఆపలేదు, తాళమూ తప్పలేదు. నేర్పిస్తున్న పెద్దాయనే ఆపించి, "ఇవాళ్టికి చాల్లే తల్లీ, నోటితో అను" అన్నారు. గుమ్మెటను ఒళ్లో పెట్టుకుని, దెబ్బలన్నీ నోటితోనే పలుకుతూ చివరిదాకా వంత పాడింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఆ ఇంటివాళ్లను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. కూలి డబ్బుకు ఆ ఇంట్లో ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ ఫిబ్రవరిలో మన ఎనిమిది, తొమ్మిది తరగతుల హాజరు పట్టీ చూస్తే సోమవారాల్లో గళ్లన్నీ ఖాళీ. ఆదివారం మొదలైన కోత సోమవారానికి పాకుతోంది, మంగళవారం పిల్లలు ఒళ్లు నొప్పులతో వస్తున్నారు. మీ అందరికీ నా విన్నపం ఒక్కటే: పిల్లల్ని కోతలకు పంపకండి. బడి అయ్యాక సాయంత్రం అయిదున్నర దాకా రిహార్సల్స్‌లో ఉండనివ్వండి. ఇంట్లో మరీ ఇబ్బందిగా ఉంటే నా దగ్గరికి రండి. పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులతో కూర్చుని మాట్లాడదాం, ఏదో ఒక దారి చూద్దాం.

కొందరు తల్లులు నన్ను అడిగారు, "ఆడపిల్లలకు బుర్రకథేంటి మేడమ్, ఏదైనా డాన్సు నేర్పించకూడదా" అని. అడిగినందుకు సంతోషం. బుర్రకథ మన నేల మీద పెరిగిన కళ. దాన్ని ఊరూరా వినిపించి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారు మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టినవారే. ఇక ఆడవాళ్ల సంగతంటారా, 1940ల్లోనే ఆడవాళ్ల బుర్రకథ దళాలు పల్లెల్లో తిరిగి కథలు చెప్పాయి. మన అమ్మమ్మల తరం చేసిన పని మన పిల్లలు చేస్తే కొత్తేమీ కాదు.

ఈ ఏడాది కథ చీరాల–పేరాల. 1919లో ఆ రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్నులు ఏడాదికి 4 వేల రూపాయల నుంచి 40 వేలకు ఎగబాకాయి. కట్టలేమన్నారు జనం. 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద ఇళ్లకు తాళాలేసి, ఊరి బయట రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్న పాకల్లో పదకొండు నెలల పాటు ఉన్నారు. ఎండల్లోనూ వానల్లోనూ ముసలీ ముతకా, పసిపిల్లలతో సహా. గుంటూరులో బస్సెక్కితే రెండు గంటల్లో చేరే ఊరిది. ఇంత కథ అక్కడ జరిగిందని మన పిల్లల్లో చాలామందికి ఈ జనవరి దాకా తెలియదు.

కథను పిల్లలే రాసుకున్నారు, మా తెలుగు టీచర్ గారు పక్కనుండి దిద్దారు. కథకురాలు తంబుర మీటుతూ, బొటనవేలి అందె మోగిస్తూ నడిపిస్తుంది. పక్కన వంత పాడే ఇద్దరిలో రాజకీయ వంత పన్నుల లెక్కలు విడమరిచి చెబుతుంది. హాస్య వంత పన్ను గుమాస్తాను ఆటపట్టిస్తుంది. ఆ లెక్కల భాగం రాయడానికి పిల్లలు లెక్కల సారు దగ్గరికి వెళ్లి, పన్ను పది రెట్లయితే ఒక్కో ఇంటి మీద ఎంత భారం పడుతుందో నెలవారీగా వేయించుకున్నారు. సాంఘిక శాస్త్రం పుస్తకంలో పాఠం చదవమంటే పారిపోయే పిల్ల ఒకరు మూడు రోజులు ఆ కాగితం చేత పట్టుకుని తిరిగింది. రిహార్సల్స్ వల్ల చదువు పాడవుతుందని భయపడేవాళ్లు ఒక్కసారి వచ్చి చూడండి.

రిహార్సల్స్‌లో మైకు వాడటం లేదు. పోయినేడు కార్యక్రమం మధ్యలో కరెంటు పోయి మైకు మూగబోయింది. వేదిక మీద పిల్లలు నోరు పెగలక నిలబడిపోయారు, అరగంట పట్టింది మళ్లీ మొదలవడానికి. అందుకే ఈసారి నేను గ్రౌండు చివర వేపచెట్టు కింద నిలబడతాను, వాళ్లు వరండాలో నిలబడి కథ చెప్పాలి. నాకు వినపడకపోతే చెయ్యెత్తుతాను, మళ్లీ మొదటి నుంచి. మొదటి వారంలో చెయ్యి దించే అవసరమే రాలేదు. ఇప్పుడు రోడ్డు మీద పోయేవాళ్లు సైకిళ్లు ఆపి వింటున్నారు.

గడిచిన నెల సంగతులు కొన్ని. ఫిబ్రవరి 21న మాతృభాషా దినోత్సవం నాడు పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర సేకరించిన సామెతలు చదివారు. 28న జాతీయ సైన్స్ దినోత్సవం. సర్ సి.వి. రామన్ తన ఆవిష్కరణను 1928లో ప్రకటించిన రోజది. అన్ని నమూనాలూ బాగున్నాయి గానీ ఏడో తరగతి పిల్లలిద్దరి బల్ల దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. థర్మాకోల్ లేదు, రంగు బల్బులు లేవు. ఒక గిన్నెలో పసుపు నీళ్లు, ఒక చిటికెడు సున్నం. సున్నం కలపగానే పసుపు ఎర్రబడింది. "పెళ్లిళ్లలో కాళ్లకు పెట్టే పారాణి ఇదే మేడమ్, పసుపు క్షారాన్ని పట్టిస్తుంది" అన్నారు. ఆ తర్వాత నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగుకే తిరిగింది. బడి ఆయమ్మ పక్కనే నిలబడి చూస్తూ, "రోజూ చేసే పనే, ఇందులో ఇంతుందా" అంది. నా దృష్టిలో ఆ రోజు మొదటి బహుమతి ఆ బల్లకే.

ఇక ఏడో తేదీ గురించి. సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెడతాం, ఎవరి కోసమూ ఆగం. ఎనిమిదికల్లా ముగిస్తాం. ఆరు, ఏడు తరగతుల కోలాటం, ఎనిమిదో తరగతి చెక్కభజన, బుర్రకథ, ఒక నాటిక ఉంటాయి. సినిమా పాటల డాన్సులు ఈసారి రెండే. పది పెట్టమని పిల్లలు అడిగారు. అయితే నాలుగు వారాలు కష్టపడి నేర్చుకున్నది పదేళ్ల తర్వాత కూడా వాళ్లకు మిగలాలని నా ఆశ, అందుకే రెండుకు ఒప్పించాను.

డ్రెస్సులు అద్దెకు తేవద్దు. కోలాటానికి ఇంట్లో ఉన్న పరికిణీ చాలు, రంగు ఏదైనా ఫరవాలేదు. బుర్రకథ పిల్లలకు అమ్మల చీరలు కడతాం. పిల్లల దగ్గర ఎవరైనా చందా అడిగితే వెంటనే నాకు చెప్పండి, మేం రూపాయి కూడా అడగడం లేదు. మధ్యాహ్న భోజనం వండే అమ్మలే ఆ సాయంత్రం పులిహోర చేస్తామన్నారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా అడుగుతున్నాను. మీ పిల్లల ఐటమ్ అయిపోగానే లేచి వెళ్లిపోకండి. పోయినేడు చివరి నాటిక వేసిన పిల్లలు ఖాళీ కుర్చీల ముందు వేశారు. తెర పక్క నుంచి ఒక బాబు కుర్చీలు లెక్కపెట్టుకోవడం నేను చూశాను. ఈసారి బుర్రకథ చివర పెట్టాం. ఆడపిల్లల్ని ఇళ్లకు పెద్దవాళ్లే వచ్చి తీసుకెళ్లాలి. ఒకే ఆటోలో పన్నెండు మందిని ఎక్కించడం వద్దు.

పదో తరగతి పిల్లలు తమకూ ఒక ఐటమ్ ఇమ్మని అడిగారు. పరీక్షలు దగ్గర పెట్టుకుని ఏమిటని మొదట కాదన్నాను. రెండు రోజులు ఆలోచించాను. అయిదేళ్లు ఈ బడిలో చదివి, చివరి ఏడాది వేదిక కింద కూర్చుని వెళ్లిపొమ్మనడం నాకే బాగా అనిపించలేదు. పది నిమిషాలు వాళ్లవి. స్పెషల్ క్లాసులు మానకుండా, మధ్యాహ్నం విరామంలోనే తయారవుతున్నారు. హాల్ టికెట్లు ఇచ్చే రోజు తల్లో తండ్రో ఒకరు తప్పకుండా రావాలి. పేరు, పుట్టిన తేదీ, ఫొటో అక్కడే సరిచూసుకుందాం.

ఉగాది సెలవు కాబట్టి ముందురోజు, 18న ఉదయం, అదే వేపచెట్టు కింద పిల్లల కవి సమ్మేళనం. పరాభవ నామ సంవత్సరానికి స్వాగతం చెబుతూ ఎవరి కవిత వాళ్లు రాసుకుని చదవాలి, ఎనిమిది పాదాలు చాలు. యూట్యూబ్‌లో చూసి రాస్తే తెలిసిపోతుంది, మీరు రాసిపెట్టినా తెలిసిపోతుంది. చెట్టు అప్పుడే పూతకొచ్చింది, పచ్చడికి పువ్వు బయట కొనక్కర్లేదు.

ఏడో తేదీన కోతల వల్ల కొందరు రాలేరని తెలుసు. కొన్ని చేలల్లో చీకటి పడేదాకా పని ఉంటుంది. బుర్రకథ పిల్లలతో ఆ సంగతి అంటే, వాళ్లు రాలేకపోతే మనమే వెళ్దాం మేడమ్ అన్నారు. ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినోత్సవం, కందుకూరి వీరేశలింగం గారు పుట్టిన రోజు. ఆ సాయంత్రం ఏడింటికి ఊళ్లో రచ్చబండ దగ్గర ఇదే కథ మళ్లీ చెబుతారు. మైకు ఉండదు. దీపం, రెండు చాపలు మేం తెచ్చుకుంటాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల