మంత్రి గారూ, సర్టిఫికెట్లు సరే, మేం కాల్చిన రాడ్లు ఎన్నో కూడా అడగండి

నైపుణ్య శిక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నా వయసు 41. ఒకే ఫ్యాక్టరీలో 16 ఏళ్లు ప్యాకింగ్ సెక్షన్‌లో చేశాను, అది మూతపడింది. ఈ వయసులో మళ్లీ ఎక్కడో ప్యాకింగ్‌లో చేరి, అదీ మూతపడితే ఇంకోటి వెతుక్కునే కన్నా చేతిలో ఒక పని ఉంటే మేలనుకుని ప్రభుత్వ ఖర్చుతో నడిచే మూడు నెలల వెల్డింగ్ కోర్సులో చేరాను. ఒక్క రోజు మానలేదు. సర్టిఫికెట్ ఇచ్చారు, ఫోటో తీసుకున్నారు. మీ శాఖ లెక్కల్లో నేను శిక్షణ పూర్తి చేసిన మనిషిని. పని మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో మీకు తెలియాలనే ఈ ఉత్తరం.

మొదటిసారి ట్రేడ్ టెస్టుకి, అంటే ఉద్యోగంలోకి తీసుకునే ముందు పని చేయించి చూసే పరీక్షకి, వెళ్లినప్పుడు రెండు 10 ఎం.ఎం. ప్లేట్లు నిలువుగా బిగించి, కింద నుంచి పైకి అతకమన్నారు. మా క్లాసులో ఎప్పుడూ ప్లేటు బల్ల మీద పడుకునే ఉండేది. పడుకున్న ప్లేటు మీద కరిగిన లోహం ఉన్నచోటే నిలుస్తుంది, చెయ్యి కాస్త వణికినా సర్దుకుంటుంది. నిలువుగా అలా కాదు. కరెంటు తగ్గించుకోవాలి, రెండు అంచుల దగ్గరా క్షణం ఆగాలి, మధ్యలో మాత్రం ఆగకుండా దాటేయాలి, అలా కింద వేసిన పొర గట్టిపడి చిన్న మెట్టులా ఏర్పడితే పై పొర దాని మీద కూర్చుంటుంది. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. ఆ రోజు మాత్రం లోహం బొట్లు బొట్లుగా జారి నా బూటు మీద పడింది. సూపర్‌వైజర్ కసురుకోలేదు, హెల్మెట్ తీసి పక్కన పెట్టమని, ‘ఇప్పటిదాకా ఎన్ని ప్యాకెట్ల రాడ్లు కాల్చావన్నా?’ అని అడిగాడు. రాడ్ అంటే కరెంటుకి కరిగి అతుకులో కలిసిపోయే లోహపు పుల్ల. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే మా లెక్క ప్యాకెట్లలో లేదు, విడి రాడ్లలో ఉండేది.

ఆ లెక్క మీకు చెప్తాను. 30 మందిమి, మెషీన్లు 4, అందులో ఒకటి ఎప్పుడూ రిపేరులోనే. వంతు వచ్చినప్పుడు మనిషికి రెండు, మహా అయితే మూడు రాడ్లు. 3.15 ఎం.ఎం. రాడ్ ఒకటి నిమిషం పైచిలుకులో అయిపోతుంది. అంటే రోజుకి నా చేతిలో ఆర్క్, అదే రాడ్ కొసకీ ప్లేటుకీ మధ్య పుట్టే కరెంటు మెరుపు, వెలిగింది నాలుగు నిమిషాలు. మూడు నెలల్లో సెలవులు తీసేస్తే 65 రోజులు అనుకోండి, మొత్తం కలిపి నాలుగున్నర గంటలు కూడా కాలేదు. మిగతా టైమంతా నోట్సు రాసుకున్నాం, పక్కవాడు వేస్తుంటే చూశాం. మాకు చెప్పిన మాస్టారు పనిమంతుడు, ఆయన చెయ్యి పట్టుకుని దిద్దితే ఒక్కరోజులో తేడా తెలిసేది. కానీ రాడ్ల స్టాకు లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఆర్క్ సరిగ్గా పట్టినప్పుడు వచ్చే చప్పుడు వేరు, తెగకుండా ఒకే తీరున చిటపటలాడుతుంది, రాడ్ దూరమైతే ఆ చప్పుడు బొంగురుపోతుంది. ఆ తేడా చెవికి పట్టాలంటే వందల రాడ్లు కాలాలి. నోట్సులో అది దొరకదు.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. పక్క బ్యాచ్‌లో తాపీ పని కోర్సులో ఒకాయన ఉండేవాడు, 20 ఏళ్లుగా గోడలు కట్టిన మేస్త్రీ. కాగితం లేదని పెద్ద సైట్లలో పనిలోకి తీసుకోవట్లేదు, ఆ కాగితం కోసం చేరాడు. ఆయన్ని కూర్చోబెట్టి రసమట్టం ఎలా పట్టుకోవాలో, తూకం గుండు ఎలా వేలాడదీయాలో మొదటి నుంచీ చెప్పారు. పైగా కోర్సు ఉన్నన్నాళ్లూ కూలి పోయింది, స్టైపెండ్ కోర్సు అయ్యాక ఇస్తామన్నారు. మూడో వారానికి రావడం మానేశాడు. మీ రిజిస్టరులో ఆయన ‘మధ్యలో మానేసినవారు’ కింద పడి ఉంటాడు. ఆయనకి శ్రద్ధ లేక మానేశాడని ఎవరైనా రాస్తే అది అబద్ధం.

స్విట్జర్లాండ్‌లో ఐదేళ్ల పని అనుభవం ఉన్న పెద్దవాళ్లు కోర్సులో కూర్చోకుండానే నేరుగా ఆఖరి పరీక్ష రాయొచ్చు. జర్మనీలోనూ అంతే, ఆ పనికి మామూలుగా ఎంత కాలం శిక్షణ ఉంటుందో దానికి ఒకటిన్నర రెట్లు చేసినట్టు చూపిస్తే పరీక్షకి రానిస్తారు. మా మేస్త్రీ లాంటివాళ్లకి కావాల్సింది అదే. ఒక గోడ కట్టించి, నిలువు చూసి, మూల మట్టం చూసి, కాగితం చేతిలో పెట్టండి. ఒక్కరోజు పని.

నాలాంటి కొత్తవాళ్లకి మాత్రం శిక్షణ రోజుల్లోనే డబ్బు చేతికి అందాలి, వారం వారం. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో చేసిన అప్రెంటిస్‌షిప్ సిఫారసులోనే, పని నేర్చుకుంటున్నవాళ్లకి తగిన ప్రతిఫలం ఇవ్వాలని ఉంది. 18 ఏళ్ల కుర్రాడికి ఇంట్లో అన్నం పెట్టేవాళ్లుంటారు, 40 దాటినవాడి మీద ఆధారపడి ఇంట్లో మనుషులుంటారు. డబ్బులు ఎలాగా అన్న టెన్షన్‌తో నిలబడ్డ మనిషి చెయ్యి స్థిరంగా ఉండదు, వెల్డింగ్‌లో అది అక్కడే కనిపించిపోతుంది.

లెక్క విషయంలో ఒక్క మాట. ఎంతమందికి సర్టిఫికెట్ ఇచ్చామన్నదే శిక్షణ ఇచ్చేవాళ్ల బిల్లుకి ఆధారం అయితే, వాళ్లు సర్టిఫికెట్లే తయారుచేస్తారు, రాడ్లు మిగుల్చుకుంటారు. కోర్సు అయిన నెలకే ఫోన్ చేసి ‘చేరావా’ అని అడగడం కూడా చాలదు. డేవిడ్ కార్డ్, తర్వాత 2021లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చినాయన, ఇంకో ఇద్దరితో కలిసి చాలా దేశాల్లో నిరుద్యోగుల పథకాల మీద వచ్చిన 200కు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి 2018లో ఒక పరిశీలన ప్రచురించారు. శిక్షణ వల్ల మొదట్లో పెద్దగా లాభం కనిపించదని, రెండు మూడేళ్లకి బాగా తెలుస్తుందని అందులో తేలింది. కాబట్టి కోర్సు అయిన ఏడాది తర్వాత ఒకసారి, రెండేళ్ల తర్వాత మరోసారి అడగండి: ఈ మనిషి నేర్చుకున్న పనిలోనే ఉన్నాడా, ఎంత సంపాదిస్తున్నాడు? బిల్లులో కొంత భాగం ఆ జవాబు వచ్చేదాకా ఆపండి. అప్పుడు చూడండి, రిపేరులో ఉన్న ఆ నాలుగో మెషీన్ ఎంత తొందరగా బాగవుతుందో.

నేను ఇప్పుడు ఒక చిన్న షెడ్డులో హెల్పర్‌గా చేస్తున్నాను. గ్రైండింగ్ చేస్తాను, అతుకు మీద పెంకులా గట్టిపడే స్లాగ్ కొట్టి తీస్తాను, సాయంత్రం ఓనరు గారు పనికిరాని ముక్కల మీద నిలువు వెల్డింగ్ ప్రాక్టీసు చేసుకోనిస్తారు. పోయిన వారం ఒక ముక్కని అతికి, అడ్డంగా కోసి వంచి చూశాం. అతుకు పగలకపోవడం అదే మొదటిసారి. మళ్లీ టెస్టుకి వెళ్తాను.

మీకు ఒకే విన్నపం. ఏదో ఒక కేంద్రానికి ముందుగా చెప్పకుండా, మామూలు పనిరోజున రండి. రిజిస్టరు తర్వాత చూడొచ్చు, ముందు మెషీన్ పక్కన ఉండే డబ్బా చూపించమనండి. వాడేసిన రాడ్ల చివరి ముక్కలు అందులోనే వేస్తారు. అది ఆ వారంలో ఎన్నిసార్లు నిండిందో అక్కడ నేర్చుకుంటున్నవాళ్లని అడగండి, మాస్టారుని బయట ఉండమని చెప్పి అడగండి.

ఇట్లు,
ఒక వెల్డింగ్ హెల్పర్