పరిశోధకులకు విద్యార్థి సంఘంలో చోటేది?

సంపాదకులకు నమస్కారం.

విద్యార్థి సంఘ ఎన్నికలకు 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ సిఫార్సులే ఆధారం. వాటి ప్రకారం పరిశోధక విద్యార్థికి పోటీ వయసు 28 ఏళ్లు దాటకూడదు. పీజీ, ఆపై జాతీయ అర్హత పరీక్ష (నెట్) ముగించుకుని 26 ఏళ్లకు పీహెచ్‌డీలో చేరేవాళ్లు కొద్దిమంది కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనలేమో పీహెచ్‌డీకి 3 నుంచి 6 ఏళ్ల గడువిచ్చాయి. హాస్టల్ మెస్ లెక్కలు, ఫెలోషిప్ జాప్యాలు, ల్యాబ్ ఇబ్బందులు ఆనుపానులతో సహా తెలిసొచ్చేసరికి పోటీచేసే అర్హతే పోతోంది. ఇది అన్యాయం.

విద్యాసంవత్సరం మొదలైన 6 నుంచి 8 వారాల్లో ఎన్నికలు జరపాలన్నది మరో నిబంధన. పీహెచ్‌డీ ప్రవేశాలు అంతకన్నా ఆలస్యమైతే కొత్తవారికి ఆ ఏడు ఓటే ఉండదు. ప్రవేశాలు ముందే ముగించాలి. పోటీ అర్హతకు వయసుకు బదులు పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 5 ఏళ్లు లెక్కించాలి.

– పరిశోధక విద్యార్థులు, హైదరాబాద్