పాతిపెట్టడానికి జాగా చూపించండి మంత్రిగారూ!

గౌరవనీయులైన మంత్రిగారికి,

కొల్లేటి లంక నుంచి నమస్కారాలు. ఇది ఐదో అర్జీ. మొదటి నాలుగూ సోమవారాలు క్యూలో నిలబడి ఇచ్చినవే. రసీదులు ఇంట్లో భద్రంగా ఉన్నాయి, జవాబులే ఇంకా రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

విషయం మీకు తెలిసిందే, దెయ్యం చేప. అక్వేరియంలో పాచి తింటుందని అమ్మే దక్షిణ అమెరికా చేప. వేలెడంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. మూరెడయ్యాక తొట్టి చాలక ఎవరో కాలవలో పడేస్తారు. మన కాలవలు చివరికి ఎక్కడికొస్తాయో మీకు చెప్పక్కర్లేదు.

మొన్న తెల్లవారుజామున దోనె మీద వెళ్లి నాన్న వల తీశాడు. తొమ్మిది దెయ్యాలు, రెండు జెల్లలు. దాని ఒంటి మీద ఉండేది పొలుసు కాదండీ, రేకుల్లాంటి పలకలు. నీళ్లలోంచి తీయగానే రెక్కల ముళ్లు నిక్కబొడుస్తాయి, వల దారం వాటికి చిక్కుకుపోతుంది. లాగితే చెయ్యి గీరుకుపోతుంది, లాగకపోతే రాదు. చివరికి బ్లేడు తీసుకుని వలే కోయాలి. ఒక్కో చేపకి జానెడు కన్నం. మధ్యాహ్నం దాకా నాన్న అరుగు మీద కూర్చుని ఆ కన్నాలే అల్లుకున్నాడు. జెల్లలు అమ్మిన డబ్బు దారానికి కూడా చాల్లేదు. మళ్లీ రాత్రికి అదే వల, అవే దెయ్యాలు.

పోయిన వేసవిలో ఒక అధికారి వచ్చారు. చేపను ముట్టుకోలేదు గానీ పక్కన నిలబడి ఫొటో దిగారు. "దొరికితే మళ్లీ నీళ్లలో వదలొద్దు, గట్టు మీద గొయ్యి తీసి పాతిపెట్టండి" అని చెప్పి వెళ్లారు. మంచి సలహానే సార్. కానీ మేముండేది ఐదో కాంటూరు లోపల, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన సరస్సు హద్దు లోపల. 1999 నుంచి ఇది అభయారణ్యం, ఇక్కడ పార పట్టుకుంటే ఇంకో శాఖవాళ్లు కేసంటారు. ఒకరు తవ్వమంటారు, ఒకరు తవ్వితే ఊరుకోం అంటారు. తవ్వే స్వేచ్ఛ ఆ చేపకొక్కదానికే ఉంది. గుడ్లు పెట్టడానికి గట్ల నిండా బొరియలు తొలుస్తోంది, దాని మీద మాత్రం ఏ కేసూ లేదు.

మట్టగిడసలు, ఇంగిలాయిల్లాంటి మన చేపలు తగ్గిపోవడానికి ఇదొక్కటే కారణం అనను. చెరువుల మురుగు ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. కానీ చుట్టాలొస్తే పులుసుకి మేము సంతలో కొనుక్కొస్తున్నాం. కొల్లేటివాడు చేపలు కొనుక్కోవడం!

మనకిది కొత్తేం కాదు లెండి. తిలాపియా చేపను 1952లో బయటినుంచి దేశానికి తెచ్చారు, 1959 కల్లా వద్దన్నారు. వద్దన్న సంగతి దానికెవరూ చెప్పినట్టు లేదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంచకూడదని కేంద్రం చెప్పి ఎన్నేళ్లయింది? 2024 సెప్టెంబరులో మా కొల్లేట్లో కలిసే బుడమేరు పొంగినప్పుడు ఏ చెరువులో ఏం దాచారో మా వలలే చెప్పాయి.

మేమడిగేది పెద్దదేం కాదు. వలలిప్పించండి. వల కుదరకపోతే దారమైనా ఇప్పించండి. ఈ చేపల అమ్మకం ఆపించండి. పట్టినవాటిని కిలోకి ఇంతని ఇచ్చి మీవాళ్లనే తీసుకెళ్లమనండి. ఏదీ కాకపోతే పాతిపెట్టుకోవడానికి నాలుగు గజాల జాగా అయినా చూపించండి. నష్టపరిహారం అనే మాట కావాలనే రాయలేదు, రాస్తే ఫైలు ఇంకో టేబుల్‌కి పోతుందని భయం. మళ్లీ చెప్తున్నాను, ముందు వలలు.

వచ్చే సోమవారం ఆరో అర్జీతో పాటు ఒక చేపను కూడా తడి గోనెసంచిలో తెస్తాను. క్యూ ఎంత పొడుగున్నా టెన్షన్ లేదు. ఒడ్డున పడేసినా అది గంటల తరబడి బతికే రకం. నా వంతు వచ్చేసరికి మీవాళ్ల టేబుల్ మీద కదులుతూనే ఉంటుంది.

ఇట్లు,
కొల్లేటి మత్స్యకారుడి కొడుకు