దారం అయింది రా!

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకుంటూనే ఉంటావు, తిట్టుకో. అమ్మ మోకాలు నయం, చెల్లి పరీక్షలు అయిపోయాయి, నేను ఇంకా చిక్కలేదు. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

నా గాజు గొట్టంలో చమురు చుక్క సాగి దారం అయింది రా! మొన్న రాత్రి, పదకొండు దాటాక.

ఆగు, మొదటి నుంచి చెప్తా. కాగితం మిల్లులో చెక్క ముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌లతో సుమారు 170 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. పీచు పక్కకి పోగా మిగిలే నల్లటి ద్రవం పేరు బ్లాక్ లిక్కర్. (పేరు వినగానే నీ మొహం ఎలా వెలిగిందో తెలుసు. ఆ జోకు మళ్ళీ వద్దు.) చెక్కలో పీచుల్ని పట్టి ఉంచే లిగ్నిన్ చాలావరకు అందులోకే దిగుతుంది. అందరూ దాన్ని వ్యర్థం అంటారు గానీ నాకు ఆ మాట నచ్చదు. పెద్ద మిల్లులు దాన్ని చిక్కబరిచి బాయిలర్‌లో కాలుస్తాయి, ఆవిరీ వస్తుంది, రసాయనాలూ తిరిగొస్తాయి. అంటే నేను తీసుకునేది వాళ్ళ పొయ్యిలో కట్టెలే!

దాంట్లో ఆసిడ్ పోస్తే లిగ్నిన్ గోధుమరంగు విరిగిన పాలలా అడుక్కి దిగుతుంది. మొదటిసారి నేను గబగబా పోసేశా. మిగిలిన సల్ఫైడ్ కాస్తా హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు అయి లేచింది. కుళ్ళిన గుడ్ల కంపు రా, మన నీలం బకెట్టు సంగతికి తాత! కాసేపటికి వాసన పోయిందని నేను లోపలికి వెళ్ళబోతుంటే మా సీనియర్ అక్క రెక్క పట్టుకుని బయటికి లాగింది. వాసన తెలియకపోతే గాలి బాగుపడినట్టు కాదట, ముక్కు మొద్దుబారినట్టట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది ఇంకోసారి రాస్తా.

ఇంతకీ దీనితో పనేంటంటావా? బావిలోంచి చమురు తోడి, నీళ్ళు పంపి నెట్టినా, సగానికి పైగా రాయిలోనే మిగిలిపోవడం మామూలే. సన్నటి రంధ్రాల్లో చుక్కలు చుక్కలుగా ఇరుక్కుంటుంది, నీళ్ళేమో పక్కనుంచి జారుకుంటాయి. చమురుకీ నీటికీ మధ్య టెన్షన్, అంటే అవి తాకే చోట ఉండే బిగువు, వేల రెట్లు తగ్గితే తప్ప ఆ చుక్క కదలదు. దానికి వాడే పెట్రోలియం సల్ఫోనేట్‌కి (చమురు నుంచి చేసే సబ్బులాంటి మందు) బోలెడు ఖర్చు. అందులో కొంత భాగం లిగ్నిన్‌తో నడిపిస్తే? చిక్కేమిటంటే సల్ఫోనేట్ చేసిన, అంటే నీళ్ళలో కరిగేలా గంధకం గుంపు తగిలించిన, లిగ్నిన్‌కి నీళ్ళంటేనే ప్రేమ, చమురు వైపు చూడదు. అందుకే చమురుని ఇష్టపడే పొడుగాటి తోకున్న అమైన్ (నైట్రోజన్ ఉన్న రసాయనం) ఒకటి జతచేశా. పెళ్ళి సంబంధం చూసినట్టే, జాతకాలు కలవక మూడు నెలలు పోయాయి. ఉప్పు తక్కువైతే కలవదు, ఎక్కువైతే అంతా అడుక్కి దిగిపోతుంది.

మొన్న రాత్రి ఆఖరిసారి అనుకుని, రెండిటికీ మధ్యలో ఉప్పు వేశా. సన్నటి గాజు గొట్టంలో ఈ లిగ్నిన్ మందు కలిపిన నీళ్ళు, మధ్యలో ఒక్క చమురు చుక్క. గొట్టాన్ని నిమిషానికి వేల చుట్లు తిప్పి భూతద్దంలో చూడటమే. ఇన్నాళ్ళూ ఆ చుక్క చింతగింజలా మొండిగా కూర్చునేది. మొన్న మాత్రం చూస్తుండగానే సాగింది. కీరా దోసకాయంత, తర్వాత సూదంత, తర్వాత... వెంట్రుక! టెన్షన్ లెక్క దాని మందం ఘనంతో పోతుంది, 1942లో వోనెగట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం. మందం సగమైతే టెన్షన్ ఎనిమిదో వంతు. చుక్క టెన్షన్ పడిపోతుంటే నాది పెరుగుతోంది. వణుకుతున్న చేత్తో అంకెలు తప్పు రాశా, మళ్ళీ కొలిచా, అదే వచ్చింది. అరిచాను రా. బయట వాచ్‌మన్ తాత పరిగెత్తుకొచ్చి "ఏం కాలింది బాబూ" అన్నాడు!

మర్నాడు పొద్దున్నే ఉత్సాహం దిగిపోయింది. నిజం బావుల్లో నీళ్ళలా ఉండాలని కాస్త కాల్షియం కలిపితే మొత్తం విరిగిపోయింది. పైగా రాయి కూడా మన మందుని పీల్చుకుంటుంది, అదింకా చూడనేలేదు. నువ్వుంటే "మూడో మెట్టు దగ్గరే పడతావు" అనేవాడివి. అను, పర్లేదు. ఇవాళ ఇసుక గొట్టంలో చమురు నింపి మందు పంపుతున్నా, రాస్తూనే అటు ఓ కన్నేసి ఉంచా. ఇప్పటిదాకా ఉత్త నీళ్ళే. కొసన ఏదో నల్లగా...

ఒరేయ్ ఉండు, చుక్క పడింది. వెళ్తున్నా.