కొత్త బ్యాటరీ కొనే ముందు ఎర్త్ బోల్టు చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

చలికాలంలో క్యాంపర్‌వ్యాన్ (లోపలే పడుకుని ఉండేలా అమర్చుకున్న వ్యాన్) ప్రయాణాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. మిగతాదంతా బాగానే ఉంది కానీ, ‘చలికి బ్యాటరీ డౌన్ అవుతుంటే ఇంకాస్త పెద్దది వేయించుకోండి, వీలైతే లిథియంకి మారిపోండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, పేచీ అంతా అక్కడే. సరిగ్గా ఇలాంటి సలహా విని డబ్బు తగలేసుకున్నవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

మా వ్యాన్‌లో డీజిల్ హీటర్ ఉంది. ఒక రాత్రి బయట మైనస్ 5 డిగ్రీలు. స్విచ్ వేస్తే ఫ్యాన్ కాసేపు తిరగడం, ఆగిపోవడం, డిస్‌ప్లే మీద లో వోల్టేజ్ అని రావడం, మళ్లీ వేస్తే మళ్లీ అదే. దుప్పట్లన్నీ కప్పుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. పొద్దున మెకానిక్ వచ్చి చూసి బ్యాటరీ పోయిందన్నాడు, సరే అని మార్చేశాం. ఆ రాత్రి మళ్లీ అదే కథ! కొత్త బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే 12.7 వోల్టులు చూపిస్తోంది, అంటే నిండుగా ఉన్నట్టే, హీటర్ మాత్రం కరెంటు చాలడం లేదంటోంది. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నట్టు?

ఎవరూ కాదు. బ్యాటరీ నెగటివ్ వైరుని ఛాసిస్‌కి, అంటే బండి లోహపు చట్రానికి, బిగించే ఎర్త్ బోల్టు లూజై, కింద తుప్పు, వైరు కొసకి పచ్చగా చిలుము. ఇలాంటి హీటర్ రాజుకునేటప్పుడు డీజిల్‌ని అంటించడానికి లోపల ఎర్రగా కాలే గ్లో ప్లగ్ కొన్ని నిమిషాలపాటు 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది, తర్వాత ఒకటీ రెండూ చాలు. 10 ఆంపియర్లు పోతున్నప్పుడు దారిలో ఓమ్‌లో పదో వంతు అడ్డం ఉన్నా ఒక వోల్టు అక్కడే మాయమవుతుంది. లైట్లు వెలుగుతాయి, ఫోన్ ఛార్జ్ అవుతుంది, ఎందుకంటే వాటికి కావలసింది కొంచెమే. బరువు మోయాల్సి వచ్చినప్పుడే గుట్టు బయటపడుతుంది.

దీన్ని కనిపెట్టడానికి మెకానిక్ కూడా అక్కర్లేదు. మామూలు మల్టీమీటర్ తీసుకుని, హీటర్ రాజుకుంటున్న సమయంలోనే (ఆపేసి చూస్తే ఏమీ తెలియదు) ఒక తీగ బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఛాసిస్ లోహం మీద పెట్టాలి. దాదాపు సున్నా రావాలి. 0.2, 0.3 వోల్టులు దాటితే ఆ దారిలో ఎక్కడో తేడా ఉన్నట్టు. నాకు 1.6 వచ్చింది. బోల్టు విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూస్తే అరగంట పని. చలికాలంలో వ్యాన్ లోపల మన ఊపిరి తేమే చల్లని లోహం మీద నీళ్లై దిగుతుంది కాబట్టి ఫ్యూజ్ హోల్డర్లు, కనెక్టర్లు కూడా ఒకసారి చూసుకోవాలి.

అలాగని చలి తప్పేమీ లేదని నేననడం లేదు. బండ్లలో మామూలుగా ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీకి సున్నా డిగ్రీల దగ్గర సుమారు ఐదో వంతు బలం తగ్గుతుంది, మైనస్ 18 దగ్గర సగానికి సగం పోవచ్చు. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది, చలిలో ఆ బ్యాటరీ ఛార్జ్ తీసుకోవాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. 25 డిగ్రీల దగ్గర 14.4 సరిపోయేదానికి సున్నా దగ్గర 15 దాకా అవసరం. ఛార్జర్‌కి టెంపరేచర్ సెన్సర్ లేకపోతే అది పాత లెక్కే పట్టుకుని ‘నిండింది’ అని పచ్చలైటు వెలిగించేస్తుంది, బ్యాటరీ అరకొర ఛార్జ్‌తోనే వారాలు గడిపి లోపల సల్ఫేట్ పేరుకుపోయి నిజంగానే పాడవుతుంది. నిండా ఛార్జ్ ఉన్నది మైనస్ 50లో కూడా గడ్డకట్టదు, పూర్తిగా డౌన్ అయినది మైనస్ 8 చుట్టుపక్కలే గడ్డకడుతుంది. డబ్బా ఉబ్బినట్టు కనిపిస్తే దయచేసి దానికి ఛార్జర్ గానీ జంప్ కేబుల్ గానీ తగిలించకండి, పేలొచ్చు.

లిథియం సంగతికొస్తే, వ్యాన్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం చలిలో కరెంటు ఇస్తుంది కానీ సున్నా కంటే కింద ఛార్జ్ చేయకూడదు. చేస్తే లోపల లిథియం లోహంగా పూతపడి సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. అందుకే మంచి బ్యాటరీలో ఉండే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) ఛార్జింగ్‌ని ఆపేస్తుంది, మనమేమో ఎండ కాస్తోంది, ఛార్జ్ ఎక్కడం లేదేంటి అని టెన్షన్ పడిపోతాం. ఆ రక్షణ లేని రకమైతే ఇంకా ప్రమాదం, మారుమాట్లాడకుండా ఛార్జ్ తీసుకుని లోలోపలే చచ్చిపోతుంది. మీ వ్యాసంలో ఈ మాట లేకపోవడం పెద్ద లోపం. లిథియం వేసుకునేవాళ్లు దాన్ని వ్యాన్ కింద కాకుండా లోపల వెచ్చటి చోట పెట్టుకోవాలి, లేదా తనంతట తాను వేడెక్కే రకం తీసుకోవాలి.

సోలార్ మీద ఎక్కువ ఆశలొద్దు, సూర్యుడు కిందుగా ఉంటాడు, ప్యానెల్ పైకప్పు మీద పడుకుని ఉంటుంది, పైన మంచు పొర సరేసరి. అరగంట ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే నిండిపోతుందనుకోవడం కూడా భ్రమే. కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది) ఇంధనం ఆదా కోసం వోల్టేజ్ తగ్గించేస్తుంది, మధ్యలో ఆ వోల్టేజ్‌ని సరిచేసి ఇచ్చే డీసీ టు డీసీ ఛార్జర్ లేకపోతే హీటర్, లైట్ల కోసం వెనక పెట్టిన బ్యాటరీకి సరిగ్గా అందదు.

ఇక బండి వాడకుండా ఆపేసిన రోజుల్లో అలారం, ట్రాకర్, స్టీరియో కలిసి 50 మిల్లీ ఆంపియర్లు తిన్నా నెలకి 36 ఆంపియర్ అవర్లు. వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మూడో వంతుకి పైనే. ఇన్వర్టర్ ఆపడం మర్చిపోతే అంతకాలం కూడా పట్టదు. మెయిన్ స్విచ్ ఆపితే చాలు, అయితే సోలార్ ఉన్నవాళ్లు ముందు ప్యానెల్ వైరు తీసి తర్వాతే బ్యాటరీ వైరు తీయాలి, తగిలించేటప్పుడు ముందు బ్యాటరీ. తిరగేస్తే ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండే కంట్రోలర్ కాలిపోవచ్చు.

వచ్చే చలికాలం లోపు మీటర్ పెట్టి ఎలా చూసుకోవాలో బొమ్మలతో ఒక వ్యాసం వేయండి. అన్నట్టు, ఆ మెకానిక్ పోయిందన్న పాత బ్యాటరీని నేను పారేయలేదు. నిండా ఛార్జ్ చేసి లోడ్ పెట్టి చూశాను, ఏ రోగమూ లేదు. రెండేళ్లుగా మా షెడ్డులో లైట్లు దాంతోనే వెలుగుతున్నాయి.

ఇట్లు,
మీ పాఠకుడు