నిలువునా కోస్తే నెలవంక

అమ్మలూ,

రాత్రి నీ గొంతు విన్నాక నిద్ర పట్టలేదు. "మూడు వారాలు కష్టపడితే చచ్చిన కణాల ఫొటోలే మిగిలాయి నాన్నా, వైరస్ ఎలా తయారవుతుందో వీటిలో ఎక్కడుంది?" అన్నావు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను.

నువ్వన్నది నిజమే. కణాన్ని ఉన్నదున్నట్టు బిగించే గ్లుటరాల్డిహైడ్ పోయగానే కణం ఆగిపోతుంది. ఆ తర్వాత పొరలు నల్లగా కనపడడానికి ఆస్మియం, గట్టి దిమ్మెగా, అంటే బ్లాక్‌గా, చేయడానికి రెసిన్, దాన్ని పలుచని ముక్కలుగా, అంటే సెక్షన్లుగా, కోయడానికి డైమండ్ నైఫ్, చివరికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్. 1961లో డేల్స్, సిమినోవిచ్ అనే శాస్త్రవేత్తల చేతిలో ఉన్నవీ ఆగిపోయిన కణాలే. మశూచి టీకాలో వాడిన వాక్సీనియా వైరస్ సోకిన ఎలుక కణాలను వేర్వేరు గంటల దగ్గర ఆపి, ఎప్పుడు ఏ ఆకారాలు ఉన్నాయో చూశారు. న్యూక్లియస్ బయట, సైటోప్లాజంలో ముందు నెలవంకల్లాంటి పొర ముక్కలు, తర్వాత గుండ్రటివి, వాటిలో నల్లటి ముద్ద, చివరికి ఇటుకల్లాంటి పూర్తి వైరస్‌లు. ఒకే కణంలో ఇవన్నీ పక్కపక్కనే ఉండొచ్చు కాబట్టి ఒక్క ఫొటోతో వరుస తేలదు. ఏ గంటకి ఏవి ఎక్కువో లెక్కపెట్టాలి.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. ల్యాబ్‌లో చేరిన కొత్తలో, ఒక సెక్షన్‌లో వలయాలు చాలా కనపడేసరికి, వైరస్ పొర పూర్తిగా మూసుకుందని రిపోర్టులో రాసేశాను. ఆ వారమే ఇంట్లో మీ అమ్మ కొబ్బరికాయ కొట్టింది. చిప్పని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నిలువునా కోస్తే నెలవంక. అడ్డంగా కోస్తే నిండు వలయం. చిప్ప మాత్రం తెరిచే ఉంది! నేను మూసుకున్నాయన్న వాటిలో ఎన్ని చిప్పలో నాకే తెలియదు. సిగ్గుతో రిపోర్టు వెనక్కి తీసుకుని లెక్క మళ్లీ మొదలుపెట్టాను. మన సెక్షన్ మందం 60, 70 నానోమీటర్లు, వైరస్ దాదాపు 300. అంటే ఒక్కో వైరస్ నాలుగైదు ముక్కల్లో పంచుకుని ఉంటుంది.

చిన్నప్పుడు నా భుజం మీది టీకా మచ్చ తడుముతూ నిద్రపోయేదానివి. అది ఈ వైరస్ పెట్టిన గుర్తే. మీ నానమ్మ ముఖాన అమ్మవారి మచ్చలుండేవి, నా ముఖాన లేవు. 1980 నాటికి మశూచి లోకంలోనే లేకుండా పోయింది. నువ్వు ఆ ఇటుకల్ని చూస్తున్నావని తలుచుకుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఆరో గంట బ్లాక్ ఇంకా మిగిలిందన్నావుగా. దాన్నుంచి వరుసగా సెక్షన్లు తియ్యి. ఒక్క వలయాన్ని పట్టుకుని, పక్క ముక్కల్లో అది ఎక్కడ తెరుచుకుంటుందో, అసలు తెరుచుకుంటుందో లేదో చూడు. ఫొటోలు నాకూ పంపు. ఫొటోలో కొలత చూపే స్కేల్ బార్ మర్చిపోకు.

మీ నాన్న